భర్త ఫైలులో ఇంజనీరు

2025 అక్టోబరులో, పదహారు రోజుల తేడాతో, అమెరికాలో రెండు నిర్ణయాలు వెలువడ్డాయి. 14వ తేదీన అక్కడి సుప్రీంకోర్టు ఒక కేసును విచారణకు తీసుకోవడానికి నిరాకరించింది. దానితో హెచ్-1బి ఉద్యోగుల భార్యల్లో కొందరికి 2015 నుంచి ఉన్న పని అనుమతి, పదేళ్ళ వ్యాజ్యం తర్వాత, నిలబడింది. 30వ తేదీన అక్కడి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఒక పాత వెసులుబాటును తీసేసింది. అప్పటిదాకా పని అనుమతి కార్డు గడువు ముగిసేలోగా రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టుకున్నవారు, కొత్త కార్డు వచ్చేలోగా పాత కార్డు మీదే 540 రోజుల దాకా పని చేసుకునే వీలుండేది. ఆ రోజు నుంచి పెట్టే దరఖాస్తులకు అది లేదు. అంటే హక్కు ఉంది. కార్డు సమయానికి చేతికి రాకపోతే మాత్రం ఆఫీసు గడప తొక్కకూడదు.

ఈ రెండింటినీ కలిపి చూడమని పాఠకులను కోరుతున్నాను. మొదటి వార్త విని మన వాళ్ళు చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. రెండోదాని గురించి నాతో మాట్లాడినవాళ్ళంతా ఆడవాళ్ళే, అదీ ఫోనులో, గొంతు తగ్గించి. రెండో నిర్ణయం వల్ల కుటుంబం దేశం విడిచి రానక్కర్లేదు, భర్త జీతం తగ్గదు, ఇంటి అప్పు వాయిదా ఆగదు. ఒక స్త్రీ పని ఆగిపోతుంది, అంతే. మన సమాజం లెక్కలో అది కుటుంబానికి వచ్చిన కష్టం కిందికి రాదు.

హెచ్-1బి అంటే ఏమిటో ఇవాళ మన పల్లెల్లో కూడా వివరించనక్కర్లేదు. హెచ్-4 గురించి మాత్రం పెళ్ళిచూపుల్లో ఎవరూ అడగరు. 1990 నాటి అమెరికా వలస చట్టం నుంచి వచ్చిన హెచ్-1బి, నైపుణ్యం గల ఉద్యోగికి యజమాని ద్వారా దొరికే తాత్కాలిక వీసా. పరిమితి ఏటా 65,000, అక్కడ మాస్టర్స్ చదివినవారికి మరో 20,000. మంజూరయ్యే దరఖాస్తుల్లో ఇటీవలి సంవత్సరాల్లో 70 శాతానికి పైగా భారతదేశంలో పుట్టినవారివే. ఆ ఉద్యోగి భార్యకూ పిల్లలకూ ఇచ్చేది హెచ్-4, డిపెండెంట్ వీసా. ఆధారపడిన మనిషి అని దాని అర్థం. ఆమె చదువుకోవచ్చు, కారు నడపొచ్చు, పిల్లల్ని కనొచ్చు, గుడిలో ప్రసాదం పంచిపెట్టొచ్చు. జీతం వచ్చే పని మాత్రం విడిగా అనుమతి లేకుండా చేయకూడదు. ఆమె ఎం.టెక్ చదివినా, పదో తరగతి తప్పినా చట్టానికి ఒకటే. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివి, మూడు నాలుగేళ్ళు ఉద్యోగం చేసిన స్త్రీ విమానం దిగేసరికి ఆధారపడిన మనిషిగా నమోదవుతుంది. విమానంలో ఆమె మర్చిపోయిన పాఠం ఒక్కటీ లేదు.

2015 మే 26 దాకా ఈ స్త్రీలకు పని అనుమతే లేదు. ఆ రోజు నుంచి అమలైన నిబంధన కూడా అందరికీ వర్తించదు. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 అనే దరఖాస్తు మంజూరై ఉండాలి, లేదా అదే ప్రక్రియ ఆలస్యం వల్ల అతని హెచ్-1బి ఆరేళ్ళ పరిమితి దాటి పొడిగింపులో ఉండాలి. మొదటి సంవత్సరంలో 1,79,600 మంది దాకా అర్హులవుతారని ఆ శాఖ అంచనా వేసింది. ఆ తొలి ఏళ్ళలో అనుమతి పొందినవారిలో తొంభై శాతానికి పైగా భారతదేశంలో పుట్టినవారు, తొంభై శాతానికి పైగా స్త్రీలు. భార్య అన్నా భర్త అన్నా చట్టం పుస్తకంలో జీవిత భాగస్వామి అనే ఒక్క మాటే ఉంటుంది. ఆ మాట లింగం తెలియని మాటలా కనిపిస్తుంది గానీ దాని బరువు మోసేవాళ్ళు ఎవరో ఈ లెక్క చెబుతోంది.

గ్రీన్‌కార్డు వస్తే ఈ బాధ తీరుతుంది కదా అంటారు. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏటా దాదాపు 1,40,000. ఒక్కో దేశంలో పుట్టినవారికి అందులో ఏడు శాతమే పరిమితి. ఉద్యోగితో పాటు భార్యాపిల్లలను కూడా ఆ లెక్కలోనే కలుపుతారు. దానితో మన వాళ్ళ వరుస ఏళ్ళ తరబడి కదలదు. ఆ వరుసలో నిలబడ్డ ఉద్యోగి ఆరేళ్ళ తర్వాత కూడా పని మానేయనక్కర్లేకుండా 2000 సంవత్సరంలోనే చట్టం మార్చారు. అతను పని చేస్తూ ఎదురుచూడవచ్చు. అదే వరుసలో, అదే కాలం, పని లేకుండా ఎదురుచూసే అతని భార్య సంగతి ఆలోచించడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆమె పని అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలంటే భర్త ఐ-140 వివరాలు కావాలి. ఆ దరఖాస్తు వేసేది భర్త కాదు, అతని యజమాని. మంజూరైన కాగితం వెళ్ళేది యజమానికి, అతని వకీలుకు. కొన్ని కంపెనీలు దాని నకలును ఉద్యోగి చేతికి కూడా ఇవ్వవు, ఇస్తే మరో కంపెనీకి వెళ్ళిపోతాడేమోనని. అంటే ఒక స్త్రీ తన చదువుకు తగ్గ పని చేసుకోవడం, ఆమె ముఖం కూడా ఎన్నడూ చూడని ఒక యజమాని బీరువాలోని కాగితం మీద ఆధారపడి ఉంటుంది. ఆ కాగితాన్ని తెచ్చి ఇవ్వడం భర్త దయ మీద. ఇద్దరూ సఖ్యంగా ఉన్న ఇంట్లో ఇది చిన్న పని, ఒక ఈమెయిల్‌తో అయిపోతుంది. సఖ్యం లేని ఇంట్లో ఇది ఒక ఆయుధం.

ఇదంతా అమెరికా చట్టం గురించి. ఆ చట్టం చేతికి ఈ స్త్రీని అందించేది మనం.

మన రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకు రిజర్వ్ చేశారు. 1997లో హైదరాబాద్‌లో ఆడపిల్లల కోసమే నారాయణమ్మ ఇంజనీరింగ్ కళాశాల మొదలైంది. ఆ తర్వాతి దశాబ్దంలో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్, దాని లోపాలు ఎన్ని ఉన్నా, చిన్న ఊళ్ళ ఆడపిల్లలను కూడా బి.టెక్ దాకా తీసుకొచ్చింది. నేను సమాజశాస్త్రం పాఠం చెప్పే క్లాసులో ఇది స్త్రీల విద్యా చరిత్రలో పెద్ద మార్పని చెబుతాను, నమ్మే చెబుతాను. అయితే ఆ డిగ్రీని కుటుంబం దేనికి వాడుకుంటోంది? మన పెళ్ళిళ్ళ బజారులో ఆడపిల్ల బి.టెక్ ఒక అర్హత. అమెరికా సంబంధానికి అది ఉండాలి, వాడాలని ఎవరూ అనరు. ‘చదువుకున్న పిల్లయితే అక్కడ సర్దుకుపోతుంది’ అన్న మాట ఎన్ని ఇళ్ళల్లో విన్నానో. సర్దుకుపోవడానికి స్ట్రక్చరల్ అనాలిసిస్ ఎందుకో నాకు అర్థం కాలేదు.

చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావో 2007లో ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ అనే పుస్తకం రాశారు. మన ఆంధ్ర ప్రాంతపు ఐటి ఉద్యోగుల వలసల మీద హైదరాబాద్‌లోనూ సిడ్నీలోనూ తిరిగి చేసిన పరిశోధన అది. కోచింగులకూ, కన్సల్టెన్సీలకూ, విదేశీ ప్రయాణాలకూ పోసే డబ్బులో కట్నం పాత్ర ఎంతో అందులో చూపించారు. మన పాఠకులకు ఇది కొత్త సంగతి కాకపోవచ్చు. కానీ ఒక ఇంజనీరు స్త్రీ తల్లిదండ్రులు ఇచ్చిన కట్నం భర్త వృత్తికి పెట్టుబడి అవుతోందని, అదే వలస ఆమె వృత్తిని ఆపేస్తోందని ఒకేచోట పెట్టి చూస్తే, పొలం అమ్మి ఇచ్చిన ఆ డబ్బు ఎవరి ఇంజనీరింగ్‌కు ఖర్చయిందో తెలుస్తుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం గురించి ఇక్కడ మాట్లాడబోవడం లేదు, అది మరో సంపాదకీయం.

మా పిన్ని కూతురు సంగతి చెబుతాను. తను ఒప్పుకుంది, పేరు వద్దంది. 2009లో సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి నాలుగేళ్ళు హైదరాబాద్‌లో వంతెనలు డిజైన్ చేసే ఆఫీసులో పని చేసింది. నగరంలో ఒక ఫ్లైఓవర్ కిందుగా వెళ్ళినప్పుడల్లా ‘ఆ గర్డర్ డ్రాయింగ్ నాదే అక్కా’ అని చూపించేది. 2013లో పెళ్ళి, టెక్సస్ ప్రయాణం. మొదటి నాలుగేళ్ళు అనుమతి లేదు. ఆ నాలుగేళ్ళలో ఒక కానుపు, అత్తగారూ మామగారూ రెండుసార్లు ఆరేసి నెలలు రావడం, నాలుగు ఊళ్ళు మారడం. 2017లో భర్త ఐ-140 మంజూరై తనకు కార్డు వచ్చింది.

సాఫ్ట్‌వేర్ అయితే ఇక్కడినుంచి దారి ఒకటి. సివిల్ ఇంజనీరుకు మరొకటి. అమెరికాలో ప్రజల భద్రతకు సంబంధించిన డిజైన్ మీద సంతకం పెట్టాలంటే రాష్ట్ర ప్రభుత్వపు లైసెన్సు కావాలి. ముందు ఎఫ్.ఇ. అనే పరీక్ష, తర్వాత లైసెన్సున్న ఇంజనీరు కింద కొన్నేళ్ళ అనుభవం, తర్వాత పి.ఇ. పరీక్ష. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014 జూన్‌లో శాశ్వత సభ్యత్వం పొందింది. అది కూడా నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ మొదటి శ్రేణి గుర్తింపు ఇచ్చిన కోర్సులకే. మా చెల్లెలి డిగ్రీ 2009ది. యూనివర్సిటీ నుంచి సీలు వేసిన మార్కుల జాబితాలు, సబ్జెక్టుల సిలబస్ నకళ్ళు తెప్పించి మూల్యాంకనానికి పంపాలి. ఆ కాగితాల కోసం మా బాబాయి పరీక్షల విభాగం చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో నాకు తెలుసు. ఆ పాత సిలబస్ పుస్తకం ఆఫీసులో లేదన్నారు. చివరికి తన క్లాసులోనే చదివిన మరో అమ్మాయి ఇంటి అటక మీద దొరికింది.

2018లో ఎఫ్.ఇ. పాసయింది. వర్షపు నీటి కాలువలు డిజైన్ చేసే ఒక చిన్న సంస్థలో డ్రాఫ్టింగ్ టెక్నీషియన్‌గా చేరింది. ఇంజనీరు పని చేసింది, టెక్నీషియన్ జీతం తీసుకుంది. 2019 మార్చి నుంచి హెచ్-4 పొడిగింపు దరఖాస్తుదారులందరూ వేలిముద్రలు ఇవ్వాలని కొత్త నియమం పెట్టారు. దరఖాస్తులు గుట్టలు పడ్డాయి. 2020లో తన కార్డు గడువు ముగిసేనాటికి కొత్తది రాలేదు. ఉద్యోగం పోయింది. ఎనిమిది నెలలకు కార్డు వచ్చింది, ఆ స్థానం మాత్రం అప్పటికి నిండిపోయింది. ఈ ఆలస్యాల మీద కొందరు స్త్రీలు కోర్టుకెళ్ళారు. 2023 జనవరిలో రాజీ కుదిరి, భర్త దరఖాస్తుతో పాటే భార్య దరఖాస్తునూ చూస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. రెండేళ్ళకే ఒప్పుకుంది. 2025 జనవరిలో ఆ గడువు తీరిపోయింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి. భర్త హెచ్-1బి పొడిగింపుకు అదనపు రుసుము కడితే పదిహేను పనిదినాల్లో తేల్చే ఏర్పాటు ఉంది. భార్య పని అనుమతికి ఎంత డబ్బు కడతామన్నా ఆ ఏర్పాటు లేదు. అదే ఇల్లు, అవే పెళ్ళి ఫోటోలు. ఒకరి కాలానికి ధర ఉంది, ఇంకొకరి కాలానికి ధర కూడా కట్టలేదు.

కార్డు లేని కాలంలో మన స్త్రీలు ఊరికే కూర్చోలేదు. చాలామంది హెచ్-4 నుంచి విద్యార్థి వీసాకు మారి రెండో మాస్టర్స్ చేస్తారు. డిగ్రీ తర్వాత పన్నెండు నెలల శిక్షణ అనుమతి, సైన్సు, ఇంజనీరింగ్ చదివినవారికి మరో ఇరవై నాలుగు నెలలు. ఆ మూడేళ్ళలో హెచ్-1బి లాటరీ తగిలితే సొంత కాళ్ళ మీద నిలబడినట్టు. అంటే ఇంజనీరుగా గుర్తింపు తెచ్చుకోవడానికి ఇంజనీరు మళ్ళీ ఇంజనీరింగ్ కొనుక్కోవాలి. ఆ ఫీజు భర్త జీతంలోంచి వస్తుంది గనక అతని అనుమతి, అత్తమామల అభిప్రాయం, రెండో బిడ్డ ఎప్పుడన్న చర్చ, అన్నీ దాటాలి. పోయిన ఏడాది ఈ దారి ఇంకా ఇరుకైంది. 2025 సెప్టెంబరులో విదేశాల్లో ఉన్నవారి కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. డిసెంబరులో లాటరీ పద్ధతి మార్చి, ఎక్కువ జీతం స్థాయి ఉన్న దరఖాస్తులకు ఎక్కువ అవకాశం ఇచ్చారు. పైకి ఇది సమంజసంగానే కనిపిస్తుంది. ఏడెనిమిదేళ్ళు పని ఆగిన స్త్రీకి ఏ కంపెనీ అయినా మొదట ఇచ్చేది అట్టడుగు స్థాయి జీతమే. చట్టం ఆమె పని ఆపింది. పని ఆగింది గనక జీతం తక్కువ. జీతం తక్కువ గనక లాటరీలో అవకాశం తక్కువ.

ఈ ఖాళీ మీద బతికే వ్యాపారం ఒకటుంది. అమీర్‌పేట కోర్సులు ఇప్పుడు ఆన్‌లైన్లో డల్లాస్, న్యూజెర్సీ వంటగదుల దాకా వచ్చాయి. సివిల్, ఎలక్ట్రికల్, కెమికల్ ఏది చదివినా సరే, ఆరు వారాల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రెజ్యూమెలో లేని అనుభవం రాయమని సలహా ఇచ్చే కన్సల్టెన్సీలు కూడా ఉన్నాయి. దొరికితే నష్టపోయేది ఆమె, కమీషన్ మాత్రం వాళ్ళది. ఇలా రాసుకున్న స్త్రీలను తప్పుపట్టి ఉపన్యాసం ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ‘నాలుగేళ్ళు చట్టం నన్ను పని చేయనివ్వలేదు’ అని నిజం రాస్తే ఇంటర్వ్యూకు పిలవరు, అబద్ధం రాస్తే పిలుస్తారు. ఆ నిజాన్ని సిగ్గుపడకుండా రాసుకునే పరిస్థితి తేవడం సంఘాల పని.

ఇంటి చాకిరీ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అమీ భట్ ‘హై-టెక్ హౌస్‌వైవ్స్’ (2018), పల్లవి బెనర్జీ ‘ది ఆపర్చునిటీ ట్రాప్’ (2022) ఈ కుటుంబాల లోపలి శ్రమ విభజనను దగ్గరగా చూసిన పుస్తకాలు. బెనర్జీ పరిశోధనలో ఇంకో పార్శ్వం ఉంది. భార్య నర్సుగా హెచ్-1బి మీద వెళ్ళి, భర్త డిపెండెంట్ అయిన కుటుంబాలను కూడా ఆమె పరిశీలించారు. నాకు తెలిసిన ఇళ్ళల్లో ఇలా జరిగితే బంధువులు ‘పాపం, వాడి కెరీర్ పాడైపోయింది’ అంటారు. ఆడమనిషి విషయంలో ఆ పాపం అన్న మాట ఎవరి నోటా రాదు. ‘అదృష్టవంతురాలు, హాయిగా ఇంట్లో ఉంటుంది’ అంటారు.

హాయి లేని ఇళ్ళ గురించి చెప్పాలి. విడాకులు ఖరారైతే హెచ్-4 హోదా పోతుంది. కొట్టే భర్తను వదిలితే ఆ దేశంలో ఉండే హక్కు, అక్కడ పుట్టిన బిడ్డ దగ్గర ఉండే వీలు, రెండూ ప్రమాదంలో పడతాయి. హింసకు గురైన ఇటువంటి భార్యలకు పని అనుమతి ఇవ్వొచ్చని 2006 జనవరిలో సంతకమైన చట్టంలోనే రాశారు. దానికి దరఖాస్తు ఫారం 2017లో వచ్చింది. పదకొండేళ్ళు! ఒక ఫారం అచ్చు వేయడానికి. ఆ అనుమతి రెండేళ్ళకు ఇస్తారు, అవసరమైతే మళ్ళీ పెట్టుకోవాలి. సొంత జీతం ఉన్న స్త్రీకి కూడా హింస తప్పదని మనకు తెలుసు. కానీ జీతం లేని స్త్రీ వకీలుతో మాట్లాడాలన్నా, ఒక రాత్రి హోటల్లో ఉండాలన్నా కొట్టినవాడి క్రెడిట్ కార్డే వాడాలి. అందుకే ఈ పని అనుమతిని వృత్తి సమస్యగా మాత్రమే చూడవద్దంటున్నాను.

సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు వేసింది కూడా ఉద్యోగాలు పోగొట్టుకున్న కార్మికులే, అది మరువరాదు. కాలిఫోర్నియాలో ఒక విద్యుత్ సంస్థ తమ ఐటి పనిని హెచ్-1బి ఉద్యోగులకు అప్పగించినప్పుడు వీధిన పడ్డవారు వాళ్ళు. వాళ్ళ కోపం అబద్ధం కాదు. ఉద్యోగిని ఒకే యజమానికి కట్టిపడేసే వీసా వల్ల అతను జీతం గురించి బేరమాడలేడు. అది అక్కడి కార్మికులకూ నష్టం, ఇక్కడినుంచి వెళ్ళినవారికీ నష్టం. అయితే ఆ కట్టు విప్పమని అడగకుండా భార్యల పని ఆపమని కోర్టుకెళ్ళడం, కార్మికుల తగువులో అందరికంటే బలహీనురాలిని బయటికి నెట్టడమే. మన దేశంలోనూ ‘ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి వచ్చి మగవాళ్ళ పొట్ట కొట్టారు’ అన్న వాదన వినలేదా?

మా సంపాదక వర్గంలో ఒక మిత్రురాలు వేరే ప్రశ్న వేసింది. అమెరికాలో సొంత ఇల్లు, రెండు కార్లు ఉన్న స్త్రీల కోసం మన పేజీలు ఎందుకు? కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే స్త్రీల గురించి రాయాలి కదా? ప్రశ్న న్యాయమైనది. అమెరికా వెళ్ళే ఇంజనీరు స్త్రీలలో పై కులాలవారు, భూమి ఉన్న కుటుంబాలవారు ఎక్కువగా కనిపించడం నిజం. ఆకలితో ఉన్న స్త్రీ కష్టాన్నీ, చదువుకున్న గృహిణి దిగులునూ ఒకే త్రాసులో వేయడం నాకు చేతకాదు, వేయను కూడా. కానీ చట్టం నిర్మాణం చూస్తే ఒక పోలిక ఉంది. కువైట్‌లో కఫాలా పద్ధతి పనిమనిషి నివాస హక్కును యజమానికి కడుతుంది. డల్లాస్‌లో హెచ్-4 భార్య నివాస హక్కును భర్తకు కడుతుంది. ఆపదలో ఉన్న స్త్రీ గుమ్మం దాటితే రెండుచోట్లా ఆమె కాగితాలు చెల్లకుండా పోతాయి. మన ప్రభుత్వం ముప్ఫై ఏళ్ళు నిండని స్త్రీలను గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళనివ్వకపోవడం రక్షణ అంటుంది. వెళ్ళాక ఆమె కాగితం ఆమె చేతిలో ఉండేలా చూడటం రక్షణ అని ఎందుకు అనుకోదో.

అన్ని దేశాల్లో ఇలా లేదు. జర్మనీలో కుటుంబంతో కలవడానికి వచ్చిన జీవిత భాగస్వామికి నివాస అనుమతితో పాటే పని హక్కు ఉంది. అక్కడ అడ్డొచ్చేది భాష. కెనడాలో ఇంజనీరు అన్న పేరు పెట్టుకోవడానికే రాష్ట్రపు లైసెన్సు కావాలి. కెనడాలోనే పని చేసిన అనుభవం ఉండాలన్న షరతు వలస వచ్చినవారిని ఏళ్ళ తరబడి టాక్సీలు నడిపించింది, దుకాణాల్లో నిలబెట్టింది. ఆంటారియో రాష్ట్రంలో ఇంజనీర్ల సంస్థ 2023 మే నెలలో ఆ షరతు తీసేసింది. ఇంత కాలం అది లేకపోతే వంతెనలు కూలిపోతాయన్నారు. ఒక చట్ట సవరణతో అది అనవసరమని తేలింది. పని హక్కు, డిగ్రీ గుర్తింపు, లైసెన్సు, ఇవన్నీ మనుషులు రాసిన నియమాలు. మార్చమని అడిగినచోట మారాయి.

మన తెలుగు ఇంటి మొదటి మహిళా ఇంజనీరు అయ్యలసోమయాజుల లలిత గురించి ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. 1919లో మద్రాసులో పుట్టింది. పదిహేనో ఏట పెళ్ళి, పద్దెనిమిదో ఏట వైధవ్యం, చేతిలో నాలుగు నెలల కూతురు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఆచార్యుడు. ఆయన పట్టుబట్టి కూతురిని అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేర్పించాడు. 1943లో చదువు ముగించింది. అప్పటిదాకా మగవాళ్ళకే అచ్చు వేసిన పట్టాలో ‘అతడు’ అన్న చోట కొట్టేసి ‘ఆమె’ అని రాయాల్సి వచ్చింది. కలకత్తాలో ఒక విద్యుత్ పరికరాల కంపెనీలో చేరి భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ లైన్ల పనిలో పాలుపంచుకుంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్ళింది. ఇంజనీరుగా, తన సొంత పేరు మీద.

ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. కూతురి పెంపకంలో పుట్టింటివారు తోడు నిలిచారు. 1940లలో ఒక బ్రాహ్మణ వితంతువుకు దొరికిన ఈ చోటు 2020లలో పెళ్ళయిన బి.టెక్ అమ్మాయికి టెక్సస్‌లో దొరకడం లేదంటే, ఈ పోలిక కొందరికి నొప్పి కలిగిస్తుందని తెలిసే రాస్తున్నాను. లలిత వెనక నిలబడిన తండ్రి అల్లుడి వీసా గురించి కాక కూతురి పట్టా గురించి ఆలోచించాడు.

అమెరికా కాంగ్రెసు మన సంపాదకీయం చదవదు. అయినా అడగవలసింది అడుగుదాం. పని అనుమతి వివాహానికి కాక మనిషికి చెందాలి. రెన్యువల్ ఆలస్యమైతే ఆ భారం దరఖాస్తుదారు మీద పడకూడదు. ఆ దేశంలోని మన తెలుగు సంఘాల మహాసభల్లో పెళ్ళి పరిచయ వేదికలు నడుస్తాయి, నగల దుకాణాలు వెలుస్తాయి. లైసెన్సు పరీక్షలకు చదువుకునే స్త్రీల కోసం ఒక గది, పిల్లల్ని చూసుకునే ఇద్దరు మనుషులు ఉంటే ఏం పోయింది?

ఇక్కడ చేయగల పనులు ఇంకా చిన్నవి. అమెరికా సంబంధం చూసే తల్లిదండ్రులు అబ్బాయి జీతం అడిగినట్టే, ఐ-140 ఏ దశలో ఉందో, అమ్మాయికి పని అనుమతి ఎప్పుడు వస్తుందో అడగాలి. అడిగితే సంబంధం తప్పిపోతుందంటే ఆ సంబంధం గురించి తెలియవలసింది తెలిసినట్టే. కట్నంగా ఇచ్చే డబ్బు ఇవ్వకండి. ఆమె పేరు మీద, ఆమె ఒక్కతే తీయగల ఖాతాలో, పరీక్షల ఫీజుకూ అవసరమైతే తిరుగు టికెట్టుకూ ఉంచండి. ప్రయాణానికి ముందే సీలు వేసిన మార్కుల జాబితాలు రెండు సెట్లు, ప్రతి సబ్జెక్టు సిలబస్, ఉద్యోగం చేసిన చోట ఏ పని చేసిందో వివరంగా రాసిన అనుభవ పత్రం తీసుకోవాలి. తన పాస్‌పోర్టు, ఆ దేశంలో దిగినప్పటి ఐ-94 నమోదు, భర్త ఐ-140 నంబరు, పెళ్ళి ధ్రువపత్రం, వీటి నకళ్ళు ఆ ఇంట్లో కాక పుట్టింట్లోనో స్నేహితురాలి దగ్గరో ఒక సెట్టు ఉండాలి. ఇంజనీరింగ్ కళాశాలలు పట్టా ఇచ్చే రోజే సిలబస్ పుస్తకాన్ని కూడా సీలు వేసి ఇస్తే అటకలు వెతికే పని తప్పుతుంది.

మా చెల్లెలు పి.ఇ. పరీక్ష రాసి పాసయింది. లైసెన్సు రావడానికి అనుభవంలో ఇంకా ఏడు నెలలు తక్కువ. 2025 నవంబరులో రెన్యువల్‌కు పెట్టింది, రెండు వారాల ముందు పెట్టి ఉంటే పాత వెసులుబాటు వర్తించేది. జనవరిలో కార్డు గడువు తీరింది. ఆఫీసువాళ్ళు జీతం లేని సెలవు ఇచ్చారు, ఎన్ని నెలలు ఉంచుతారో చెప్పలేదు. ఆ ఏడు నెలల లెక్క అక్కడే ఆగి ఉంది.

విదేశాల్లో ఉన్న, వెళ్ళి తిరిగొచ్చిన ఇంజనీరు స్త్రీల అనుభవాలను వచ్చే సంచికలో వేయాలనుకుంటున్నాం. ఏ బ్రాంచి చదివారు, ఏ పని చేశారు, ఏ కాగితం దగ్గర ఆగింది, దాన్ని ఎలా దాటారు, ఇవి రాయండి. మిగతావారికి పనికొచ్చేవి అవే. పేరు అచ్చు వేయవద్దనుకునేవారు ఉత్తరం పైన ఆ మాట రాస్తే చాలు. భర్త ఉద్యోగం, కంపెనీ వివరాలు రాయనక్కర్లేదు.